జంతువులను పాస్టెల్‌లో చిత్రించడం: అపోహలు - వాస్తవాలు

వారానికి అయిదు రోజులు లెక్కల పుస్తకాలు చూసే ఉద్యోగం నాది. మిగిలిన తీరికలో, 11 ఏళ్లుగా, సికింద్రాబాద్‌లోని మా ఇంటి బాల్కనీలో కూర్చుని మేకలను, గేదెలను, వీధికుక్కలను, పిట్టలను సాఫ్ట్ పాస్టెల్‌తో చిత్రిస్తున్నాను. చిత్రకళ ఏ కళాశాలలోనూ చదువుకోలేదు. అయినా బొమ్మలు చూడవచ్చినవారు, కొత్తగా పాస్టెల్ పట్టినవారు నన్ను అడిగే ప్రశ్నలు, చెప్పే అభిప్రాయాలు ఏటా అవే కావడంతో, వాటికి జవాబులు ఒకచోట రాసి ఉంచడం మేలనిపించింది. ఈ అపోహల్లో కొన్ని రంగు గురించి తెలియక పుట్టినవి. ఎక్కువ భాగం మాత్రం, జంతువు ఎలా ఉంటుందో మనకు ముందే తెలుసునని అనుకోవడం వల్ల పుట్టినవేనని నా అభిప్రాయం.

అపోహ: పాస్టెల్ అంటే రంగు సుద్దముక్క. నాలుగేళ్లలో వెలిసిపోతుంది.

బడిలో నల్లబల్లను గుర్తుచేసుకుని ఈ మాట అంటారు. సాఫ్ట్ పాస్టెల్‌లో ప్రధానమైనది పిగ్మెంట్, అంటే నూనెరంగుల్లోనూ నీటిరంగుల్లోనూ వాడే రంగుపొడి. దానికి కొంత సుద్దో తెల్లమట్టో చేర్చి, కడ్డీ రూపంలో నిలవడానికి సరిపడా అతి కొద్ది బంకతో ముద్దచేసి ఆరబెడతారు. అందులో నూనె ఉండదు గనుక కాలం గడిచేకొద్దీ పసుపుబారడం, పొర పగుళ్లివ్వడం అనే బెడద లేదు. వెనిస్ చిత్రకారిణి రొసాల్బా కారియెరా (1673-1757) వేసిన పాస్టెల్ ముఖచిత్రాలు ఐరోపా మ్యూజియంలలో నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అయితే ఈ అపోహలో కొంత నిజం లేకపోలేదు. చవక పెట్టెల్లోని కొన్ని రంగులు ఎండకు నిలవవు. ఏవి నిలుస్తాయో తెలుసుకోవడానికి నేనొక పరీక్ష చేశాను. నా దగ్గరున్న కడ్డీలన్నింటినీ ఒక కాగితం మీద అంగుళం వెడల్పు పట్టీలుగా పూసి, ప్రతి పట్టీలో సగభాగాన్ని నల్ల అట్టతో మూసి, మార్చి మొదట్లో పడమటి కిటికీ అద్దానికి అతికించాను. మే నెలాఖరున అట్ట తీసి చూస్తే గులాబీ, ఊదా పట్టీలు రెండేసి రంగులుగా చీలి కనిపించాయి. జేగురు, పసుపు మట్టిరంగు, ముదురు గోధుమ, బొగ్గు నలుపు పట్టీల్లో మాత్రం అట్ట అంచు ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను. ఇనుము ధాతువు వల్ల రంగు వచ్చిన మట్టిరంగులు అంత గట్టివి. జంతువులను గీసేవారి అదృష్టమేమిటంటే, మేకకూ కుక్కకూ ఆవుకూ కావలసిన రంగుల్లో ముప్పాతిక భాగం ఇవే.

అపోహ: ఆయిల్ పాస్టెల్, సాఫ్ట్ పాస్టెల్ ఒకటే.

కోఠిలోనో అబిడ్స్‌లోనో స్టేషనరీ దుకాణానికి వెళ్లి పాస్టెల్స్ అని అడిగితే, చాలాసార్లు పిల్లల ఆయిల్ పాస్టెల్ పెట్టె చేతికొస్తుంది. అది మైనంతోనూ, ఎన్నటికీ పూర్తిగా ఆరని నూనెతోనూ చేసినది. సాఫ్ట్ పాస్టెల్ పొడిబారిన రంగు. మైనపు పొర మీద పొడి నిలవదు. తేడా తెలియని రోజుల్లో నేను ఒక కుక్క బొమ్మకు అడుగుపొర ఆయిల్ పాస్టెల్‌తో వేసి, పైన సాఫ్ట్ పాస్టెల్ రుద్దితే, రంగంతా జారి ఒళ్లో పడింది. రెండూ మంచి మాధ్యమాలే, కానీ రెంటినీ ఆ వరసలో కలపకూడదు.

అపోహ: నల్లని జంతువుకు నల్ల రంగు వాడితే సరిపోతుంది.

దీపావళి తరువాత మన నగరంలో యాదవులు జరిపే సదర్ ఉత్సవం చూసేదాకా నేనూ ఇలాగే అనుకున్నాను. అంతకుముందు నేను గీసిన బర్రెలన్నీ కాగితానికి కన్నం పడ్డట్టు కనిపించేవి. ఆ రాత్రి నారాయణగూడలో, నూనె పట్టించి నిగనిగలాడుతున్న ఒక దున్నపోతు నాకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. దాని వీపు మీద దుకాణపు ట్యూబ్‌లైటు వెలుగు లేత నీలంగా పడుతోంది. పొట్ట కింది వంపులో వీధిదీపం నారింజ ఛాయ ఉంది. మూపు పక్కన, చర్మం సాగినచోట వెంట్రుకలు పలచబడి, ఊదా కలిసిన గోధుమరంగు తేలుతోంది. అసలైన నలుపు కోసం వెతికితే ముక్కు రంధ్రాల్లో, కనుపాపలో, మెడ మడతల లోతుల్లో తప్ప ఎక్కడా దొరకలేదు.

అప్పటినుంచి నల్లని జంతువుకు ముందుగా ముదురు నీలం, ముదురు గోధుమ, ఊదా రంగులను ఒకదానిపై ఒకటి పలుచగా వేస్తున్నాను. వీటి కలయిక దూరం నుంచి నలుపుగానే కనిపిస్తుంది, కానీ ఆ నలుపులో ఊపిరి ఉంటుంది. నల్ల కడ్డీని చిట్టచివర, పైన చెప్పిన మూడు చోట్లకే ముట్టిస్తాను. తెల్ల కుక్కకూ ఇదే లెక్క తలకిందులుగా వర్తిస్తుంది. ఎండలో నిలబడిన తెల్లకుక్క నీడవైపు నీలిబూడిద రంగులో ఉంటుంది. శుద్ధమైన తెలుపును వీపు మీద ఒకటి రెండు గీతలకు దాచుకోవాలి.

అపోహ: ప్రతి వెంట్రుకా గీస్తేనే బొచ్చు సహజంగా కనిపిస్తుంది.

ఇది అన్నిటికంటే ఎక్కువ కాగితాలను పాడుచేసే అపోహ. కొత్తవారు పాస్టెల్ పెన్సిల్ చెక్కుకుని, మేక చెవి దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క వెంట్రుక గీసుకుంటూ పోయి, మూడో ఆదివారానికి మెడ దాకా వచ్చి విసిగిపోతారు. అప్పటికి గీసినది మేకలా కాక కొబ్బరిపీచులా ఉంటుంది. కారణం సులభమే. పది అడుగుల దూరంలోని మేకలో మన కంటికి విడి వెంట్రుకలు కనిపించవు. వెలుగు, నీడ, వాటి మధ్య బొచ్చు వాలు కనిపిస్తాయి.

వాలు అన్న మాట దగ్గర కొంత ఆగాలి. మన రైతులు ఎద్దును కొనేముందు నుదుటి మీద, మూపు మీద, వీపు మీద సుడులు చూస్తారు. ఏ సుడి కలిసొస్తుంది, ఏది కీడు అనే నమ్మకాల సంగతి ఎలా ఉన్నా, వెంట్రుకలు ఎక్కడ తిరుగుతున్నాయో అంత జాగ్రత్తగా చూసే అలవాటు చిత్రకారుడికి వరం. నేను ఏ జంతువును గీసినా, రంగు ముట్టుకోకముందు చిన్న కాగితం మీద దాని తల, ఒళ్లు గీసుకుని వెంట్రుకలు ఎటు వాలాయో బాణపు గుర్తులు వేసుకుంటాను. ముక్కు దగ్గర బయలుదేరిన వెంట్రుకలు నుదుటివైపు సాగుతాయి, కళ్ల చుట్టూ విడిపోతాయి, చెంప మీద వెనక్కీ కిందికీ మళ్లుతాయి. ఆవు నుదుటి సుడి దగ్గర నాలుగు దిక్కులకూ చెదురుతాయి. బాణాలు సరిగ్గా పడితే ఆ తరువాత కడ్డీని అడ్డంగా పట్టుకుని వేసిన వెడల్పాటి పూత కూడా బొచ్చులాగే కనిపిస్తుంది. బాణాలు తప్పితే వెయ్యి వెంట్రుకలు గీసినా అది అతికించిన బొచ్చే.

వేసే క్రమం కూడా ముఖ్యమే. ముందు గట్టి కడ్డీలతో ముదురు రంగులు, తరువాత మెత్తనివాటితో లేత రంగులు వేయాలి. విడి వెంట్రుకలు చివర్లో, అదీ వెలుగు నీడలోకి తిరిగే చోట, చెవి అంచున, గడ్డం కింద, మొత్తం ఇరవై ముప్పై గీతలకు మించకుండా వేయాలి. నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ రేఖాచిత్రాల్లోని మేకలను చూడండి. ఆయన గీత ఎంత సూక్ష్మమైనా, మేక ఒంటి బరువు, ఎముక ముందు కనిపిస్తాయి, వెంట్రుక తరువాత కనిపిస్తుంది.

కాగితం గురించి ఒక్కమాట. పాస్టెల్‌కు గరుకు కావాలి, ఆ గరుకే రంగుపొడిని పట్టి ఉంచుతుంది. పాస్టెల్‌కు వాడే కాన్సన్ మి-టాంత్ అనే రకం కాగితానికి ఒకవైపు తేనెతుట్టె గళ్ల వంటి అచ్చు ఉంటుంది. ఆ గళ్లు బొచ్చులోంచి తొంగిచూస్తాయి గనుక, జంతువులకు నేను రెండోవైపే వాడతాను.

అపోహ: వేలితో బాగా రుద్ది కలిపితేనే పాస్టెల్ అందం.

అడుగుపొరను రుద్దడం తప్పు కాదు. పై పొరలను కూడా రుద్దుతూ పోతే, కాగితపు గరుకు నిండిపోయి, రంగులు ఒకదానిలో ఒకటి నలిగి బూడిదరంగు మిగులుతుంది. మన వేసవిలో చెమట పట్టిన వేలు రుద్దినచోట జిడ్డు మరక పడుతుంది, దాని మీద మరో పొర అంటదు.

పాలపిట్ట నాకు ఈ పాఠం నేర్పింది. దసరానాడు మనమంతా వెతికే ఈ మన రాష్ట్ర పక్షి, కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మట్టిరంగులో ముడుచుకుని ఉంటుంది. రెక్క విప్పగానే నీలం భగ్గుమంటుంది. ఆ నీలాన్ని పట్టే కడ్డీ కోసం నేను రెండేళ్లు దుకాణాలు తిరిగాను. తరువాత తెలిసింది, ఆ ఈకలో నీలి రంగుపదార్థమే లేదని. ఈక లోపలి అతిసూక్ష్మమైన నిర్మాణం వెలుగును వెదజల్లే తీరు వల్ల మనకు ఆ నీలం కనిపిస్తుంది. 1930లలో సి.వి. రామన్ ఈ పక్షి ఈకల రంగును పరిశీలించి పరిశోధన పత్రం రాశారు. లేని రంగు పెట్టెలో ఎలా దొరుకుతుంది? అందుకని ఇప్పుడు మూడు రకాల నీలాలను పక్కపక్కనే చిన్న గీతలుగా, రుద్దకుండా వేసి, వాటిని ఆనుకుని ఛాతీ మీది మసక గోధుమరంగు ఉంచుతాను. పక్కనున్న మట్టిరంగు వల్లనే నీలం వెలుగుతుంది. ఆ గీతలను ఒకసారి వేలితో రుద్ది చూడండి, పాలపిట్ట కాస్తా పావురం అవుతుంది.

అపోహ: ఫిక్సేటివ్ కొడితే ఇక బొమ్మకు ఢోకా లేదు.

ఫిక్సేటివ్ అంటే రంగుపొడి రాలకుండా బొమ్మ మీద పిచికారీ చేసే ద్రావణం. అది పొడిని కొంతవరకే పట్టి ఉంచుతుంది. ఎక్కువ కొడితే రంగులు ముదురుతాయి, తెల్లని మెరుపులు ముందుగా మాయమవుతాయి. నేను మధ్య పొరలకు పలుచగా కొట్టి, చివరి మెరుపులను ఆ తరువాత వేసి అలాగే వదిలేస్తాను. బొమ్మకు నిజమైన రక్షణ అద్దం. అద్దం బొమ్మను తాకకుండా మధ్యలో మౌంట్, అంటే బొమ్మ చుట్టూ చట్రంలా కత్తిరించిన మందపాటి అట్ట, ఉండాలి. అద్దం బదులు యాక్రిలిక్ రేకు వేయిస్తే, దాని స్థిర విద్యుత్తు పొడిని తనవైపు లాక్కుంటుంది. వానాకాలంలో చెమ్మగోడకు ఆనించి తగిలిస్తే బూజు పట్టే ప్రమాదం ఉంది గనుక, ఫ్రేము వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అంటించి గాలి ఆడనివ్వాలి.

ఫ్రేము కట్టేవారికి ఇవన్నీ ముందే చెప్పాలని నేను నష్టపోయి నేర్చుకున్నాను. నెలరోజులు వేసిన ఒక ఆవుదూడ బొమ్మను మా వీధి చివరి దుకాణంలో ఇచ్చి, సాయంత్రం వెళ్లేసరికి, ఆ పెద్దాయన ఎంతో శ్రద్ధగా, "మేడం, బొమ్మ మీద అంతా దుమ్మున్నది, మంచిగ తుడిచి పెట్టిన" అన్నారు. అద్దం వెనక దూడ చెవులు, కళ్లు మిగిలాయి. ఆయనను తప్పుపట్టలేను. అది దుమ్మే.

ఆ దుమ్ము సంగతే మరొకటి. సహజమైన రంగులు గనుక పీల్చినా ప్రమాదం లేదని కొందరంటారు. కొన్ని రంగుల్లో కాడ్మియం వంటి లోహాల సమ్మేళనాలు ఉంటాయి. అవి లేకపోయినా, సన్నని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బోర్డును నిటారుగా నిలిపి, కింద పాత వార్తాపత్రికను దోనెలా మడిచి పెడితే రాలిన పొడి అందులో చేరుతుంది. నోటితో ఊదకూడదు, మాస్కు పెట్టుకోవాలి, నేలను తడిగుడ్డతో తుడవాలి. ఫ్యాను కట్టేయాలి కూడా. హైదరాబాద్ మే నెలలో పాస్టెల్ వేయడానికి తెల్లవారుజాము తప్ప మరో వేళ లేకపోవడానికి కారణం ఇదే.

అపోహ: పులి, సింహం గీస్తేనే జంతు చిత్రకారులు.

గోడకు పులి బొమ్మ కావాలనేవారు ఎక్కువ, కాదనను. కానీ పులిని గీసేవారిలో చాలామంది ఇంటి పిల్లి కన్ను దానికి పెడతారు. పిల్లి కనుపాప వెలుతురులో నిలువుగా సన్నబడుతుంది, పులి కనుపాప మాత్రం ఎప్పుడూ గుండ్రంగానే ఉంటుంది. మేక కనుపాప అడ్డంగా, పొడవుగా ఉంటుందని చాలామంది గమనించరు. గమనించినవారు కూడా మేస్తున్న మేకను గీసేటప్పుడు, వంగిన తలతోపాటు కనుపాపనూ వంచేస్తారు. మేక తల దించినా దాని కన్ను గుంటలో తిరిగి, కనుపాప నేలకు సమాంతరంగానే నిలుస్తుంది. మా గల్లీ చివర కట్టేసి ఉండే మేక పక్కన అరగంట చతికిలబడితే ఇది తెలిసింది. ఆ అరగంటలో అది నా స్కెచ్‌బుక్ అట్ట సగం నమిలేసింది.

అపోహ: ఫోటో చూసి గీయడం మోసం. లేదా, మంచి ఫోటో ఉంటే జంతువును చూడనక్కరలేదు.

ఈ రెండూ చెప్పేవారు నాకు ఒకే రోజున తారసపడ్డారు. ఫోటో మోసం కాదు, అది మనం తీసినదో అనుమతి తీసుకున్నదో అయితే చాలు. కానీ ఫోన్‌ను కుక్క ముఖానికి దగ్గరగా పెట్టి తీసిన ఫోటోలో ముక్కు ఉబ్బి, చెవులు చిక్కి కనిపిస్తాయి, నీడలు మసిబారి వాటిలోని రంగులు పోతాయి. దాన్ని యథాతథంగా దించితే ఆ తప్పులూ దిగుతాయి.

అందుకే నెలకొకసారి నెహ్రూ జూ పార్కుకు వెళతాను. 1963లో తెరిచిన ఆ పార్కు సోమవారాలు మూసి ఉంటుంది. తక్కిన రోజుల్లో ఉదయం పెందలాడే వెళితే జనం ఉండరు, జంతువులు లేచి తిరుగుతుంటాయి. కదిలే జంతువును ఎలా గీస్తారని అడుగుతారు. పెద్ద కాగితం మీద పులి ఒక్కో భంగిమకు రెండేసి గీతలు పెట్టి వదిలేస్తాను. అది కంచె వెంట అటు నడిచి, మళ్లీ అదే దారిన ఇటు వస్తుంది. పాత భంగిమ తిరిగి రాగానే ఆ బొమ్మలో మరో రెండు గీతలు చేరుస్తాను. కిందటి నెల తెచ్చిన కాగితంలో తొమ్మిది పులులున్నాయి. అయిదింటికి తలలు లేవు, ఒకదానికి భుజం, వెనక కాలు మాత్రమే ఉన్నాయి. ఇప్పుడు బోర్డు మీదున్న బొమ్మకు తీసుకున్నది ఆ భుజమే.