పసుపు తామర పురుగు ఒకటి కాదు

మిరప పూతను తెల్ల పళ్లెంలో విదిలిస్తే తామర పురుగులు (రసం పీల్చే సన్న పురుగులు, త్రిప్స్) నల్లవీ పసుపువీ కలిసి రాలుతాయి. తోటలో రెండు రకాలు పడ్డట్టేనా అని నర్సంపేట, మహబూబాబాద్ వైపు రైతులు అడుగుతుంటారు. రంగు చూసి చెప్పలేం. 2021 చివర్లో వరంగల్, ఖమ్మం తోటల్లో పూతను పాడుచేసిన నల్ల తామర పురుగు త్రిప్స్ పార్విస్పినస్. అందులో ఆడదే నలుపు, మగది పసుపు. పాత తామర పురుగు స్కిర్టోత్రిప్స్ డోర్సాలిస్‌లో ఆడా మగా పసుపే. మైక్రోస్కోప్ కింద మీసాల కణుపులు లెక్కపెట్టాలి: పార్విస్పినస్‌కు 7, డోర్సాలిస్‌కు 8. పిల్ల పురుగులకు ఈ లెక్క కుదరదు.

అసలు తిరకాసు డోర్సాలిస్ లోపలే ఉంది. ఆ ఒక్క పేరు కింద, చూపుకు తేడా తెలియని జాతులు 9 దాకా ఉన్నట్టు 2015లో జన్యువులు చదివి తేల్చారు. మన పాఠాలేమో ఆకు పైకి ముడుచుకుంటే (పైముడత) తామర పురుగుది, కిందికి ముడుచుకుంటే (కిందిముడత) నల్లిది (మైట్) అని చెప్పి చేతులు దులుపుకుంటాయి.

ఏ జాతో తేల్చాలంటే జన్యువు చదవాలి. అందుకు పురుగును సన్న కుంచెతో ఎత్తి 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. పంటకో సీసా. చీటీ పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ల్యాబ్‌లో నలపకూడదు. ప్రొటీన్లను కరిగించే ఎంజైమ్ ప్రొటీనేజ్-కె ద్రావణంలో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా నానబెడితే డీఎన్‌ఏ బయటికొస్తుంది, తోలు మిగులుతుంది. ఆ తోలును స్లైడ్ మీద భద్రపరచాలి. అది లేకపోతే రేపు ఎవరైనా అనుమానపడితే చూపించడానికి ఏమీ ఉండదు.

పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు తీసే పద్ధతి) పెంచేది మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువు ముక్క, 658 డీఎన్‌ఏ అక్షరాలు. ఇది మూడేసి అక్షరాల మాటలతో నడిచే వాక్యం. నడుమ ఎక్కడా పూర్ణవిరామం, అంటే ప్రొటీన్ తయారీని ఆపే మాట, ఉండకూడదు. ఉందంటే, ఎప్పుడో కేంద్రకంలోకి జారిపోయి పనిమానేసిన నకలు చేతికి చిక్కినట్టు. ఒక అక్షరం ఊడినా అంతే, అక్కడి నుంచి మాటలన్నీ తప్పుతాయి. అయితే వాక్యాన్ని ఏ నిఘంటువుతో చదువుతున్నామో చూసుకోవాలి. టీజీఏ అనే మాట కేంద్రకం నిఘంటువులో పూర్ణవిరామం. పురుగుల మైటోకాండ్రియాలో మాత్రం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. కంప్యూటర్‌లో ఆ పట్టిక మార్చడం మరిచిపోతే మంచి వాక్యం కూడా ముక్కలుగా కనిపిస్తుంది, నమూనా చెత్తబుట్టలో పడుతుంది.

ఇంకో చిక్కు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి రెండు జాతులు కలిసి పుట్టిన సంకరం తల్లి జాతిగానే చదువుతుంది. అందుకే కేంద్రకంలోని ఐటీఎస్2 అనే డీఎన్‌ఏ ముక్కను కూడా చదవాలి. రెండూ ఒకే జాతిని చూపితేనే స్లైడ్ మీద పేరు రాయాలి.