వాలుతో సమాంతర, లంబ రేఖలు: అపోహలు - వాస్తవాలు

పదో తరగతికీ, ఇంటర్ ఫస్టియర్‌కీ నిరూపక జ్యామితి చెబుతుంటాను. "వాలులు సమానమైతే సమాంతరం, లబ్ధం −1 అయితే లంబం" అని పిల్లలు నిద్రలో లేపినా అప్పజెప్తారు. (వాలు అంటే కుడికి ఒక గడి జరిగితే గీత ఎన్ని గళ్లు పైకి ఎక్కుతుందో ఆ లెక్క; లబ్ధం అంటే గుణిస్తే వచ్చేది.) ఆ వాక్యం ఎక్కడ చెల్లదో మాత్రం చూసుకోరు.

అపోహ: వాలులు సమానమైతే సమాంతర రేఖలే.
వాస్తవం: 2ఎక్స్ + 3వై = 6, 4ఎక్స్ + 6వై = 12 తీసుకోండి. రెండింటి వాలూ −2/3. రెండోదాన్ని 2తో భాగిస్తే మొదటిదే వస్తుంది. అంటే ఉన్నది ఒకటే రేఖ. వై అంతరఖండాలు, అంటే రేఖలు వై అక్షాన్ని తాకే చోట్లు, వేరైతేనే సమాంతరం.

అపోహ: ఎక్స్ పక్కనున్న సంఖ్యే వాలు.
వాస్తవం: వై ఒంటరిగా ఒకవైపు ఉంటేనే. 3ఎక్స్ − 4వై = 12లో వాలు 3/4.

అపోహ: లంబ రేఖ వాలు కావాలంటే గుర్తు మారిస్తే సరి.
వాస్తవం: భిన్నాన్ని తిరగేయాలి కూడా. ఎందుకో గ్రాఫ్ పేపర్ మీదే చూడొచ్చు. (1, 1) నుంచి కుడికి 3 గళ్లు, పైకి 2 గళ్లు వెళ్తే (4, 3). వాలు 2/3. ఆ గీతను (1, 1) దగ్గర పట్టుకుని, గడియారం ముల్లుకు ఎదురు దిశలో పావు చుట్టు తిప్పండి. కుడికి వెళ్లిన 3 గళ్లు పైకి 3 అవుతాయి, పైకి వెళ్లిన 2 గళ్లు ఎడమకు 2 అవుతాయి. చేరేది (−1, 4), వాలు −3/2. అంకెలు తారుమారు కావడం, మైనస్ రావడం రెండూ ఆ పావు చుట్టు పనే.

ఈ మూడు బిందువులిచ్చి లంబకోణ త్రిభుజమని చూపమంటే, చాలామంది మూడు భుజాల పొడవుల వర్గాలూ కట్టి 13 + 13 = 26 దాకా వెళ్తారు. తప్పేం కాదు. కాకపోతే రెండు వాలులు గుణిస్తే రెండు లైన్లలో తేలిపోయే లెక్క అది.

అపోహ: ఏ లంబ రేఖలకైనా వాలుల లబ్ధం −1.
వాస్తవం: ఎక్స్ = 3, వై = 5 గీసి చూడండి. నిక్షేపంగా లంబాలే. కానీ అడ్డగీతకు వాలు సున్న, నిలువుగీతకు వాలు నిర్వచితం కాదు. ఇక గుణించడానికేముంది? (ఈ రెండింటినీ కలిపి "వాలు లేదు" అని రాసేస్తారు, సున్న వేరు, లేకపోవడం వేరు.) ఇలాంటి చోట గుణకాలతో (ఎక్స్, వైల పక్కనున్న సంఖ్యలతో; ఆ అక్షరమే లేకపోతే 0) చూడటం నాకు ఇష్టం: రెండు సమీకరణాల్లోని ఎక్స్ గుణకాల లబ్ధానికి వై గుణకాల లబ్ధం కలిపితే సున్న రావాలి. ఇక్కడ 1×0 + 0×1 = 0. నిలువు రేఖకూ చెల్లుతుంది, మినహాయింపు గోలే ఉండదు.

అపోహ: లంబ రేఖలైతే గ్రాఫ్‌లో లంబంగానే కనిపించాలి.
వాస్తవం: అది స్కేలును బట్టి. వై = ఎక్స్, వై = −ఎక్స్ లంబ రేఖలు. ఎక్స్ అక్షం మీద 1 సెం.మీ.కు 1 యూనిట్, వై అక్షం మీద 1 సెం.మీ.కు 5 యూనిట్లు పెట్టి గీస్తే, రెండూ చదునుగా పడుకుని దాదాపు 23 డిగ్రీల సన్నని కోణంలో ఖండించుకుంటాయి. లెక్క తప్పిందేమోనని పిల్లలకు టెన్షన్! సమాంతర రేఖలకు ఈ బెడద లేదు. ఏ స్కేలులో గీసినా అవి సమాంతరంగానే ఉంటాయి, ఎందుకంటే సాగినా నలిగినా రెండూ ఒకేలా మారతాయి. ఫోన్‌లో గ్రాఫ్ యాప్ వాడేవాళ్లు కూడా లంబమో కాదో కంటితో తేల్చేముందు రెండు అక్షాల మీదా ఒకటే స్కేలు ఉందో లేదో చూసుకోండి.