నాన్‌నెట్ రూ.8,000: పెంపు ఎక్కడ ఆగిపోయింది?

హైదరాబాద్ తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఉస్మానియా పక్కపక్కనే ఉంటాయి. జేఆర్‌ఎఫ్ (జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో పైవరుసలో నిలిచినవారికి దక్కే పరిశోధన ఫెలోషిప్) రాకుండా, మరే ఫెలోషిప్పూ లేకుండా పీహెచ్‌డీలో చేరిన స్కాలర్‌కు ఇఫ్లూలో నెలకు రూ.8,000 నాన్‌నెట్ ఫెలోషిప్ ఉంది. అదే అర్హతతో ఉస్మానియాలో చేరినవారికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నుంచి రూపాయి రాదు. ఒకటి కేంద్రీయ విశ్వవిద్యాలయం, రెండోది రాష్ట్రానిది. తేడా అంతే. ఈ రూ.8,000ను పెంచాలని, రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ ఇవ్వాలని స్కాలర్ల సంఘాలు మళ్లీ గొంతెత్తుతున్నాయి. ఈ రెండు డిమాండ్లూ 2015 అక్టోబరులో తేలకుండా మిగిలిపోయినవే.

ఆ నెల 7న జరిగిన సమావేశంలో నాన్‌నెట్‌ను ఎత్తేయాలని యూజీసీ నిర్ణయించింది. ఎంపికకు అంతటా ఒకే పద్ధతి లేదన్నది అధికారుల వాదన. ఢిల్లీలో యూజీసీ కార్యాలయం ముందు విద్యార్థులు రాత్రింబవళ్లు బైఠాయించారు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ నిరసనలు జరిగాయి. నెల తిరక్కముందే కేంద్రం వెనక్కి తగ్గింది. ఉన్న ఫెలోషిప్పులు కొనసాగుతాయని చెప్పి, సమీక్షకు కమిటీ వేసింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ ఇచ్చే మాట కూడా అప్పుడే వచ్చింది. పథకమైతే నిలబడింది గానీ అంకె కదల్లేదు. రాష్ట్ర క్యాంపస్‌లకు అందింది ఆ మాట ఒక్కటే.

ఎంత నష్టమో లెక్క చూస్తే తెలుస్తుంది. నాన్‌నెట్ రూ.8,000 అయిన 2012లో జేఆర్‌ఎఫ్ రూ.16,000, అంటే సరిగ్గా రెట్టింపు. ఆ తర్వాత జేఆర్‌ఎఫ్ 2014లో రూ.25,000కు, 2019లో రూ.31,000కు, 2023 జనవరి నుంచి రూ.37,000కు పెరిగింది. నాన్‌నెట్ ఇప్పుడు అందులో ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. హాస్టల్ దొరకని జేఆర్‌ఎఫ్ స్కాలర్‌కు హైదరాబాద్‌లో 30 శాతం లెక్కన ఇంటి అద్దె భత్యమే రూ.11,100. నాన్‌నెట్ స్కాలర్ తిండీ అద్దే జిరాక్సులూ అన్నీ కలిపి గడపాల్సిన మొత్తం అంతకన్నా రూ.3,100 తక్కువ.

పెంపు కోసం జరిగిన ఉద్యమాల్లోనూ ఈ చీలిక కనిపిస్తుంది. 2018-19లో ముందుండి నడిపింది ఐఐటీలు, కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ ల్యాబుల్లోని స్కాలర్లు. వాళ్ల కృషి గొప్పదే. కానీ 2019 జనవరి 30న వచ్చిన ఉత్తర్వు జేఆర్‌ఎఫ్, దాని తర్వాతి దశ ఎస్‌ఆర్‌ఎఫ్, రీసెర్చ్ అసోసియేట్లకే వర్తించింది. గట్టిగా అడగగలిగినవాళ్లకు పెంపు దక్కడంతో నాన్‌నెట్ వాళ్లు ఒంటరయ్యారు. పైగా వచ్చేది జీతం కాదు, ఫెలోషిప్. కాబట్టి స్కాలర్‌ను ఉద్యోగిగా లెక్కేయరు. ఉస్మానియాలో విద్యార్థి సంఘ ఎన్నికలే దశాబ్దాలుగా లేవు. అందుకే సమస్య వచ్చినప్పుడల్లా ఒక జేఏసీ పుడుతుంది. దాన్ని నడిపినవాళ్లు థీసిస్ సమర్పించి వెళ్లిపోగానే కాగితాలూ అనుభవమూ వాళ్లతోనే పోతాయి.

ఆ ఎనిమిది వేలైనా నెలనెలా చేతికందాలంటే హాజరు పత్రంపై గైడ్ సంతకం, తర్వాత విభాగం హెడ్ సంతకం పడి, బిల్లు ఫైనాన్స్ విభాగానికి చేరాలి. గైడ్ సెలవులో ఉంటే బిల్లు మరుసటి నెలకు పోతుంది. అన్నీ సక్రమంగా ఉన్నా, పాత నిధుల ఖర్చు లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ యూజీసీకి వెళ్లకపోతే కొత్త విడుదల ఆగుతుంది. ఒకరి ఫైలు కాదు, క్యాంపస్ మొత్తం బకాయి పడుతుంది. బకాయిలు ఒకేసారి వచ్చేలోపు అద్దె మాత్రం ప్రతి ఒకటో తేదీన కట్టాల్సిందే.

మైనారిటీ స్కాలర్లకు కేంద్రం ఇచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో ఆపేయడంతో, కొత్తగా చేరే మైనారిటీ స్కాలర్లలో చాలామందికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఈ ఎనిమిది వేలే దిక్కయింది.

ఎంపికలో ఏకరూపత లేదన్న 2015 నాటి వాదనకు ఇప్పుడు బలం లేదు. 2024 జూన్ నుంచి నెట్ ఫలితాల్లో 'పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే' అన్న విభాగాన్ని యూజీసీయే చేర్చింది. ఆ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇచ్చింది. అలా దేశమంతటికీ ఒకటే అయిన పరీక్షలో నెగ్గి సీటు తెచ్చుకున్న స్కాలర్‌కూ, జేఆర్‌ఎఫ్ లేకపోతే, దక్కేది నాన్‌నెట్ ఫెలోషిప్పే. అదీ చేరింది కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయితేనే.