పాత పార్టుల్లో పాతబడేవి ఏవి, పాతబడనివి ఏవి

కంప్యూటర్ నెమ్మదించింది అనగానే మనలో చాలామంది అనుమానం ప్రాసెసర్ మీదికే పోతుంది. నేనూ అంతే. నా పాత డెస్క్‌టాప్‌లో ఉన్న ఇంటెల్ ఐ3 ప్రాసెసర్ పీకేసి, బోర్డు మీద అదే సాకెట్‌లో కూర్చునే సెకండ్ హ్యాండ్ ఐ7 ఒకటి సంపాదించి, థర్మల్ పేస్ట్ పూసి, కూలర్ బిగిస్తున్నంతసేపూ బోర్డు ఎక్కడ పగులుతుందో అని టెన్షన్ పడి, చివరికి పవర్ బటన్ నొక్కితే, విండోస్ రావడానికి ముందు రోజు ఎంతసేపు పట్టిందో ఆ రోజూ దాదాపు అంతే పట్టింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. రోగం హార్డ్ డిస్క్‌లో ఉంటే మందు ప్రాసెసర్‌కి వేశాను. డిస్క్ పాపం కరకరమంటూ చెబుతూనే ఉంది, నేనే వినలేదు.

కొంచెం లెక్క వేస్తే సంగతి తెలిసిపోతుంది. మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. మనకి కావాల్సిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, దానికి ముందు ఆ ముల్లు సరైన గీత మీదికి జరగడానికి మరో ఎనిమిదో తొమ్మిదో మిల్లీసెకన్లు. మొత్తం 12 అనుకుందాం. 3 గిగాహెర్ట్జ్ (సెకనుకి 300 కోట్ల టిక్కులు) ప్రాసెసర్‌కి ఆ 12 మిల్లీసెకన్లంటే 3 కోట్ల 60 లక్షల క్లాక్ టిక్కులు. ఒక్క చిన్న ఫైలు ముక్క కోసం అన్ని టిక్కులు గడిచిపోతాయి. ఇలా సెకనుకి ఎనభై చిల్లర ముక్కలు మించి అందించలేని డిస్క్ దగ్గర, బూట్ అయ్యేటప్పుడు విండోస్ వేలకొద్దీ ముక్కలు అడుగుతుంది. సమాచారాన్ని చిప్పుల్లోనే దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు కాబట్టి అదే ముక్క మిల్లీసెకనులో పదో వంతుకి అటూ ఇటూగా వచ్చేస్తుంది.

జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1967లో ఎక్కువ ప్రాసెసర్లు కలిపితే వచ్చే లాభం గురించి ఒక వాదన చేశాడు: వేగం పెరగని భాగమే మొత్తం లాభానికి హద్దు పెడుతుంది అని. అది ఇక్కడా అచ్చంగా సరిపోతుంది. మనం ఎదురుచూసే 100 సెకన్లలో 80 డిస్క్‌వి, 20 ప్రాసెసర్‌వి అనుకోండి. ప్రాసెసర్‌ని రెట్టింపు వేగంది చేస్తే 90 సెకన్లు అవుతుంది, అంతే. దాన్ని వదిలేసి డిస్క్‌ని 20 రెట్లు వేగంది చేస్తే 24 సెకన్లలో పని అయిపోతుంది. అందుకే ఏదైనా కొనేముందు, ఏ పార్టు ఎంత పనిచేస్తోందో చూపే విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి, మీకు చిరాకు తెప్పించే పనే చేస్తూ ఏ గీత నెత్తికెక్కి కూర్చుంటోందో చూడండి. డిస్క్ 100 శాతం దగ్గరుంటే ఎస్‌ఎస్‌డీ, మెమరీ నిండిపోతుంటే ర్యామ్, వీడియో ఎడిటింగ్‌లో ప్రాసెసర్ నిమిషాల తరబడి 100 దగ్గరే ఉంటే అప్పుడు ప్రాసెసర్.

ఇంతకీ పదేళ్ల నాటి ప్రాసెసర్ ఇవాళ ఎందుకు పనికొస్తోంది? తొంభైల్లో అయితే ఐదేళ్ల కంప్యూటర్ అంటే దాదాపు బరువే. 1993లో మొదటి పెంటియమ్ 66 మెగాహెర్ట్జ్‌తో వచ్చింది, 2004కల్లా పెంటియమ్ 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్‌కి చేరింది, అంటే పదకొండేళ్లలో 57 రెట్లు. అదే ఊపు మరో పదకొండేళ్లు సాగి ఉంటే 2015లో 200 గిగాహెర్ట్జ్ దాటేవాళ్లం. కానీ 2023లో కూడా ఇంటెల్ గొప్పగా చెప్పుకున్నది 6 గిగాహెర్ట్జ్, అదీ టర్బో అనే తాత్కాలిక వేగంలో కాసేపు. చిప్‌లోని బుల్లి స్విచ్ అయిన ట్రాన్సిస్టర్‌ని చిన్నది చేస్తూ పోతే దానికి కావాల్సిన వోల్టేజీ కూడా తగ్గుతుంది, కాబట్టి ఎన్ని కుక్కినా చిప్ వేడెక్కదు అని 1974లో ఐబీఎమ్ ఇంజనీర్ రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపించారు, మూడు దశాబ్దాలు అలాగే నడిచింది. 2005 ప్రాంతంలో ఆ సూత్రం ఆగింది, ఎందుకంటే వోల్టేజీని ఇంకా తగ్గిస్తే ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నా కరెంటు కారిపోవడం మొదలైంది. అప్పటి నుంచి ఒకే చిప్‌లో పక్కపక్కన పనిచేసే కోర్లు పెరిగాయి, ఒక్కో టిక్కులో జరిగే పని పెరిగింది, కానీ ఆ పాత ఊపు మళ్లీ రాలేదు. సెకండ్ హ్యాండ్ బేరం ఇవాళ గిట్టుబాటు అవుతోందంటే కారణం ఈ బ్రేకే.

చిప్ అసలు అరగదా అంటే, అరుగుతుంది. లోపలి సన్నని తీగల్లో పరుగెత్తే ఎలక్ట్రాన్లు లోహపు అణువుల్ని కొద్దికొద్దిగా తోసుకుపోతాయి, వేడీ వోల్టేజీ పెరిగితే ఇంకా ఎక్కువ. కానీ తయారుచేసేవాళ్లు దీనికి సరిపడా జాగా వదిలే చేస్తారు కాబట్టి, ఎవరో విపరీతంగా ఓవర్‌క్లాక్ చేసి (కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ నడిపి) కాల్చుకుతిన్నది తప్ప, పాత ప్రాసెసర్ కొనడానికి నేను భయపడను. భయపడాల్సింది వంగిపోయిన పిన్నుల గురించి. ఇంటెల్ డెస్క్‌టాప్‌లలో చాలా ఏళ్లుగా పిన్నులు బోర్డు మీద ఉంటాయి, ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్‌లో అయితే ప్రాసెసర్ కిందే ఉంటాయి, కాబట్టి ఒకవైపు పాత బోర్డుని, ఇంకోవైపు పాత ప్రాసెసర్‌ని టార్చ్ వేసి చూసుకోవాలి.

సాకెట్ పేరు ఒకటే అయితే చాలు అనుకోవద్దు. ఇంటెల్ సాకెట్ ఎల్‌జీఏ 1151 అనే పేరుతో 2015లో వచ్చిన బోర్డులో, అదే పేరుతో 2017లో వచ్చిన ఎనిమిదో తరం ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది, పనిచేయదు, ఎందుకంటే లోపల కొన్ని పిన్నుల పనులు మార్చేశారు. ఏఎం4 ఈ విషయంలో ఉదారమే, 2017 నాటి బోర్డులు చాలావాటిలో 2020లో వచ్చిన రైజెన్ 5000 కూడా నడుస్తుంది, కాకపోతే పాత ప్రాసెసర్ ఇంకా లోపల ఉండగానే బయోస్ (బోర్డులో ఉండే, కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయాలి. కొత్తది పెట్టేశాక స్క్రీన్ నల్లగా ఉంటే అప్‌డేట్ ఎక్కడ చేస్తారు? బోర్డు కంపెనీ సైట్‌లో ప్రాసెసర్ సపోర్ట్ జాబితా ఉంటుంది, రెండు నిమిషాల పని, చూశాకే బేరం ఆడండి. ఇంకోటి, మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆపేసింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవాటిని దాదాపుగా ఒప్పుకోదు. లైనక్స్‌కి ఈ పట్టింపు లేదు.

ర్యామ్ పాతది కొనడానికి అన్నిటికంటే నిశ్చింతైన వస్తువు. అందులో ప్రతి బిట్ ఒక బుల్లి కెపాసిటర్‌లో నిలిచిన ఛార్జి, అది కారిపోతూ ఉంటుంది కాబట్టి సాధారణంగా 64 మిల్లీసెకన్లకోసారి మళ్లీ నింపుతూ ఉంటారు. ఇందులో అరిగేదంటూ చెప్పుకోదగ్గది లేదు. ర్యామ్ తరాల్లో డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288, గాటు చోటు వేరు కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దూరదు. కానీ దూరేసి పనిచేయనిది ఒకటుంది: సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్. చవగ్గా కనబడొచ్చు, పొడవూ గాటూ డీడీఆర్4దే, మామూలు డెస్క్‌టాప్ బోర్డులో పెడితే మాత్రం సాధారణంగా ఆన్ కూడా కాదు. 8 జీబీ స్టిక్కులు రెండు కొంటే 16 జీబీ ఒక్కటి కొన్నదానికంటే మేలు, ప్రాసెసర్‌కి వెళ్లే రెండు దారులూ (చానెళ్లు) కలిసి పనిచేస్తాయి. తెచ్చిన రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ పెట్టి పడుకోండి, పొద్దున లేచేసరికి ఒక్క ఎర్ర గీత కనబడ్డా తిరిగి ఇచ్చేయండి.

ఎస్‌ఎస్‌డీ నిజంగానే అరుగుతుంది. రాసిన ప్రతిసారీ ఎలక్ట్రాన్లు ఒక పల్చటి ఆక్సైడ్ పొర గుండా దూరాలి, దూరినప్పుడల్లా ఆ పొర కొంచెం చెడుతుంది. అయినా భయపడాల్సినంత లేదు. 150 టెరాబైట్లు రాయొచ్చని కంపెనీ చెప్పిన 250 జీబీ డ్రైవ్ మీద రోజుకి 20 జీబీ రాస్తే, ఆ అంకె చేరడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఎంత రాశారో, ఎన్ని గంటలు నడిచిందో డ్రైవ్ తానే రాసుకునే స్మార్ట్ రికార్డులో ఉంటుంది, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి చూడండి. పాత హార్డ్ డిస్క్ అయితే రీఎలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (డిస్క్‌లో చెడిపోయిన, అనుమానంగా ఉన్న చోట్లు) దగ్గర సున్నా తప్ప ఏ అంకె ఉన్నా వదిలేయండి. ఎస్‌ఎస్‌డీలు పోయేటప్పుడు చాలాసార్లు చెప్పకుండా ఒక్కసారిగా పోతాయి కాబట్టి, ఫోటోలూ అవీ అందులో ఒక్క కాపీగా పెట్టుకోవద్దు. ఎంత డబ్బు ఉందో చూసుకుని, కుదిరితే ఇది మాత్రం కొత్తదే కొనమంటాను.

గ్రాఫిక్స్ కార్డ్ అనగానే మైనింగ్ (కార్డులతో లెక్కలు చేయించి క్రిప్టో కరెన్సీ సంపాదించడం) గొడవ వస్తుంది. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ పద్ధతిని వదిలేశాక, రాత్రీపగలూ నడిచిన కార్డులు గుట్టలుగా అమ్మకానికొచ్చాయి, వాటిని ముట్టుకోకూడదని అందరూ అన్నారు. నాకైతే అంత అనిపించదు. టంకం కీళ్లకి ఎక్కువ హాని చేసేది మళ్లీ మళ్లీ వేడెక్కి చల్లారడం, మైనింగ్ కార్డ్ ఒకే వేడి దగ్గర నెలల తరబడి ఉంటుంది. దాని ఫ్యాన్లు మాత్రం అరిగిపోతాయి, మెమరీ చిప్పుల మీది థర్మల్ ప్యాడ్లు ఎండిపోతాయి, ఆ రెండూ మార్చుకోగలిగినవే. ఇంతకంటే పెద్ద మోసం, పాత చిప్ ఉన్న కార్డ్‌కి దాని సొంత బయోస్ మార్చి కొత్త మోడల్ పేరు పెట్టి అమ్మడం. కార్డ్ వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో చూసి, అరగంట గేమ్ ఆడించి, తెర మీద రంగు చుక్కలు రాకపోతే తీసుకోండి. ఆఫీసుల నుంచి వచ్చిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లో పెట్టాలంటే ఇంకో ఇరుకు: వాటిలో పవర్ సప్లై ప్లగ్గులు వేరేగా ఉండటం మామూలు, కార్డ్‌కి విడిగా వైరు ఉండదు. స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతో సరిపెట్టుకునే కార్డే చూసుకోవాలి.

పాతది కొనకూడనిది ఒక్కటే చెప్పమంటే పవర్ సప్లై అంటాను. దాని లోపల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది, అది ఏళ్ల తరబడి రబ్బరు మూత గుండా ఆవిరవుతూ ఉంటుంది. ఇంజనీర్లు వాడే లెక్క ప్రకారం వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు బతికే కెపాసిటర్ 65 దగ్గర 32,000 గంటలు బతుకుతుంది, అంటే ఆపకుండా నడిస్తే మూడున్నరేళ్ల పైమాటే. 45 దగ్గర పద్నాలుగేళ్ల పైన. దుమ్ముపట్టిన పెట్టెలో ఎన్ని డిగ్రీలుండేదో అమ్మేవాడికీ తెలియదు. ద్రవం తగ్గేకొద్దీ 12 వోల్టుల లైను వణుకుతుంది, కంప్యూటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది, మనం ర్యామ్‌నీ విండోస్‌నీ తిట్టుకుంటాం. విప్పి చూద్దామని అస్సలు అనుకోవద్దు, ప్లగ్ తీసేశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. ఇంకో మాట, ఒక మోడల్ పవర్ సప్లై కేబుళ్లని ఇంకో మోడల్‌కి పెట్టకండి. ప్లగ్ సరిగ్గా సరిపోతుంది, లోపలి వైర్ల వరస మాత్రం వేరేగా ఉండొచ్చు, అప్పుడు 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్లి డ్రైవ్ మాడిపోతుంది. నా దగ్గర ఒకటి అలాగే పోయింది.

ఇన్ని చూసుకుని అన్నీ బిగించాక, గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లి, బ్రౌజర్‌లో ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ చెల్లదంటుంటే కంగారుపడి బోర్డు వెనక్కి ఇచ్చేయకండి. బోర్డు మీద గుండ్రంగా నాణెంలా ఒక 3 వోల్టుల సెల్ ఉంటుంది, సీఆర్2032. అది అయిపోయి ఉంటుంది. మార్చి, తేదీ సరిచేసి, బయోస్‌లో బూట్ వరసలో ఎస్‌ఎస్‌డీ ముందుందో లేదో ఒకసారి చూసుకోండి, సెల్ పోయినప్పుడు అదీ మర్చిపోయి ఉంటుంది.