గంజిని గిన్నెలోనే ఉంచండి
(ఓర్జో వండాలనుకునే పిల్లలకు ఒక ఉత్తరం)

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. మీలో చిన్నవాడు మొన్న డబ్బాలోని ఓర్జోను గుప్పిట నిండా తీసుకుని చాలాసేపు చూసి, "తాతయ్యా, ఇది చూడటానికి బియ్యంలా ఉంది, డబ్బా మీదేమో పాస్తా అని ఉంది, మరి దీన్ని అన్నంలా వండాలా, పాస్తాలా వండాలా?" అని అడిగాడు. రెండు విధాలా వండవచ్చునని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ రెండు విధాలా ఎందుకు వీలవుతుందో తెలిస్తేనే వంట మీ చేతికి వస్తుంది, ఒక రుచి తెలిసిన చేయి పది రుచులు చేయగలుగుతుంది. అందుకే తీరికగా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి తెలుసుకోండి. ఓర్జో మొక్కకు కాసిన గింజ కాదు, గింజ ఆకారంలో చేసిన పాస్తా. డ్యూరమ్ అనే గట్టి జాతి గోధుమను రవ్వగా మర పట్టి, నీటితో కలిపి ముద్ద చేసి, సన్నని రంధ్రాలున్న అచ్చు గుండా బలంగా నెట్టి, బయటికి వస్తున్నదాన్ని వస్తున్నట్టే చిన్న ముక్కలుగా కోసి, తేమ పోయేదాకా ఆరబెడతారు. దాని లేత పసుపు రంగు కూడా ఆ గోధుమలో సహజంగా ఉన్నదే. ఇటలీలో దీన్ని ఎక్కువగా సూపుల్లో వేసుకుంటారు. గ్రీసులో దీన్ని క్రిథరాకి అంటారు, మాంసంతో, టమాటాతో కలిపి ఓవెన్‌లో నిదానంగా కాల్చి యువెత్సి అనే వంటకం చేస్తారు. తుర్కియేలో దీన్ని వెన్నలో ఎర్రగా వేయించి, బియ్యంతో కలిపి పిలావు వండుతారు. అంటే ఒకే పదార్థాన్ని కొందరు పాస్తాలా, కొందరు అన్నంలా వండుతూనే ఉన్నారు, మన చిన్నవాడికి వచ్చిన సందేహం వాళ్ల వంటిళ్లలో ఎప్పుడో తీరిపోయింది. ఇది గోధుమతో చేసింది కనుక గోధుమ పడనివారు ఇంట్లో ఉంటే వాళ్లకు మాత్రం పెట్టకండి.

ఇప్పుడు ఒక్కొక్క ఓర్జో గింజనూ ఒక బడి అనుకోండి. గోధుమలోని మాంసకృత్తులు అల్లుకుని కట్టిన గోడలే బడి గోడలు, లోపల బెంచీల మీద ఒకరినొకరు ఆనుకుని ఒద్దికగా కూర్చున్న పిల్లలే పిండిపదార్థం. చల్లని నీటిలో ఉన్నంతసేపూ ఆ పిల్లలు దాదాపు కదలరు. నీటి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరేసరికి బడి గంట మోగుతుంది. అందరూ ఒక్కసారిగా లేచి నిలబడతారు, చేతులు బారచాపుతారు, నీరు తాగి ఉబ్బుతారు. నిమిషం క్రితం దాకా సరిపోయిన గది చాలకపోవడంతో బడే పెద్దదవుతుంది. గింజ ఉబ్బడమంటే ఇదే. వీళ్లలో ఒంటరిగా, సన్నగా ఉన్న పిల్లలు గోడల సందుల్లోంచి జారి ఆవరణలోకి వచ్చేస్తారు. నలుగురైదుగురు స్నేహితుల చేతులు పట్టుకుని కొమ్మల్లా అల్లుకుపోయిన వాళ్లు ఆ సందుల్లో పట్టక చాలావరకు లోపలే ఉండిపోతారు. శాస్త్రజ్ఞులు మొదటివారిని అమైలోజ్ అని, రెండోవారిని అమైలోపెక్టిన్ అని పిలుస్తారు. ఆ పేర్లు మీరు పై తరగతుల్లో నేర్చుకుందురుగాని. ఇప్పటికి ఆవరణలోకి ఎవరు వచ్చారో చూస్తే చాలు, ఎందుకంటే ఆవరణ అంటే గిన్నెలోని నీరే, బయటికి వచ్చిన పిల్లల వల్లనే ఆ నీరు తెల్లబడి గంజి అవుతుంది.

చిన్నవాడి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ ఉంది. ఆవరణ విశాలంగా ఉంటే, ఎంతమంది బయటికి వచ్చినా తలా ఒక మూలకు చెదిరిపోతారు, నీరు పలుచగానే ఉంటుంది, చివర దాన్ని వార్చేస్తే ఏ గింజకా గింజ విడిగా నిలుస్తుంది. పాస్తా పద్ధతి అంటే అది. ఆవరణ ఇరుకైతే, బయటికి వచ్చినవాళ్లు ఒకరినొకరు తగులుకుంటూ కిక్కిరిసిపోతారు, వాళ్ల మధ్య నుంచి నీరు తేలికగా పారలేదు, చిక్కబడి గింజలను చుట్టుకుంటుంది. అన్నంలా వండే పద్ధతి అంటే ఇది. అందులో పాలు పోయకపోయినా, మీగడ వేయకపోయినా మీగడలాంటి నునుపు వస్తుంది. గోధుమ, నీరు, నిప్పు కలిసి ఇంత పని చేయడం నాకు ఈ వయసులోనూ వింతగానే ఉంటుంది.

వార్చే పద్ధతి గురించి చెప్పవలసింది కొంచెమే. 100 గ్రాముల పాస్తాకు లీటరు నీరు, 10 గ్రాముల ఉప్పు అన్నది ఇటలీలో వంట చేసేవారు పాటించే లెక్క. నీరు తెర్లిన తరువాతే ఉప్పు, ఓర్జో వేసి, అడుగంటకుండా మొదటి నిమిషం బాగా కలిపి, సుమారు 8 నుంచి 10 నిమిషాలు ఉడికించి, సన్నని జల్లెడలో వార్చాలి. పెద్ద రంధ్రాలున్న గిన్నెలో వారిస్తే ఓర్జో నీటితో పాటే జారిపోతుంది. చల్లగా తినే సలాడ్ కోసమైతే వెంటనే చన్నీళ్లతో కడిగి, పైనున్న జిగురు పోయాక వెడల్పాటి పళ్లెంలో పరచి, ఒక చెంచా ఆలివ్ నూనె కలపండి. ఆరిన తరువాత కీరదోస, టమాటా, ఆలివ్ కాయలు, ఫెటా చీజ్, పుదీనా, నిమ్మరసం చేరిస్తే సలాడ్ సిద్ధమవుతుంది. వేడిగా తినే వంటకానికి మాత్రం కడగకండి, ఆ జిగురే మసాలాను గింజకు పట్టి ఉంచుతుంది.

నాకు ఇష్టమైనది ఇరుకు ఆవరణ పద్ధతే, ఎందుకంటే ఒక్క గిన్నెలో పని పూర్తవుతుంది, రుచి అనేది చుక్క కూడా వృథా కాదు. ముగ్గురికి సరిపడా చేయాలంటే 200 గ్రాముల ఓర్జో, కూరగాయలు ఉడికించి వడకట్టిన రసం అర లీటరు లేదా అంతే ఉప్పు వేసిన నీరు, ఒక చిన్న ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రేకలు, రెండు చెంచాల వెన్న, ఒక నిమ్మకాయ, గుప్పెడు తురిమిన పార్మిజాన్ చీజ్ దగ్గర పెట్టుకోండి. పొయ్యి దగ్గర పెద్దవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి, బాణలి కాడ పొయ్యి అంచు దాటి బయటికి పొడుచుకు రాకుండా లోపలికి తిప్పి ఉంచాలి, మూత తీసేటప్పుడు ఆవిరి ముఖానికి కొట్టకుండా అవతలి వైపుకు ఎత్తాలి. ఈ మూడింటిలో దేనికీ మినహాయింపు లేదు.

వెన్న కరిగాక సన్నగా తరిగిన ఉల్లిపాయను చిటికెడు ఉప్పుతో మెత్తబడేదాకా వేయించండి. ఉప్పు వేస్తే ఉల్లిలోని నీరు త్వరగా బయటికి వచ్చి, మాడకుండా మగ్గుతుంది. వెల్లుల్లిని ఆ తరువాతే వేయాలి, ఎందుకంటే అది అర నిమిషంలో కమ్మని వాసన ఇస్తుంది, ఇంకాసేపు కలపకుండా వదిలేస్తే మాడి చేదెక్కుతుంది. ఇప్పుడు ఓర్జోను పొడిగానే వేసి, లేత బంగారు రంగు వచ్చి, గింజలు వేగిన కమ్మని వాసన వచ్చేదాకా మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ వేయించండి. ఈ వేపుడును దాటవేయవద్దు. పొడి వేడికి బడి గోడల బయటి వైపు గట్టిపడుతుంది, అందువల్ల గంట మోగినప్పుడు పిల్లలందరూ ఒక్కసారిగా తోసుకుని రాకుండా కొద్దికొద్దిగా వస్తారు, గింజ ముద్దయిపోదు. దానికి తోడు, వేయించని ఓర్జోలో ఎంత వెదికినా దొరకని ఒక కొత్త రుచి పుడుతుంది. తరువాత విడిగా మరిగించి పెట్టుకున్న రసాన్ని పోయండి. చల్లని రసం పోస్తే గిన్నె వేడి పడిపోయి, అది మళ్లీ మరిగేదాకా గింజలు ఊరికే నానుతాయి. సెగ తగ్గించి, మూత వారగా పెట్టి, రెండు మూడు నిమిషాలకొకసారి అడుగు నుంచి కలుపుతూ పది పన్నెండు నిమిషాలు ఉంచండి. కలపడం అంటే గుమ్మం దగ్గర తటపటాయిస్తున్న పిల్లలను చేయి పట్టి బయటికి తీసుకురావడం, అది మితంగా ఉంటే గంజి చిక్కబడుతుంది, మితి మీరితే గోడలు కూలి బడి, ఆవరణ ఒకటైపోతాయి.

గిన్నెలో ఏం జరుగుతోందో చెవితో కూడా తెలుసుకోవచ్చు. నా చిన్నతనంలో మా అమ్మ పొయ్యి మీద గిన్నె పెట్టి పక్క గదిలో వేరే పని చూసుకుంటూ ఉండేది. నేను వంటింటి గడప మీద కూర్చుని పుస్తకం చదువుకుంటూ ఉంటే, ఉన్నట్టుండి అక్కడినుంచే "సెగ తగ్గించు నాన్నా, నీళ్లు ఇగిరిపోతున్నాయి" అనేది. మూత తీసి చూడకుండానే ఆమెకు ఎలా తెలిసిపోతున్నదో నాకు అంతుపట్టేది కాదు. ఒకరోజు అడిగితే, పుస్తకం మూసి కళ్లు మూసుకుని వినమన్నది. నీరు ఎక్కువగా ఉన్నప్పుడు బుడగలు గబగబా, తేలికగా పగులుతూ ఒకే తీరు సవ్వడి చేస్తాయి. చిక్కబడుతున్నకొద్దీ ఒక్కో బుడగ పైకి రావడానికి ప్రయాసపడి, ఆలస్యంగా, బరువుగా బుడుక్కుమని పగులుతుంది. నీరు పూర్తిగా ఇగిరితే ఆ సవ్వడి ఆగిపోయి చిటచిట మొదలవుతుంది, అప్పటికి అడుగంటుతున్నదన్నమాట. ఆ రోజు నుంచి నేను వంటింట్లో పుస్తకం చదవడం మానేశాను. ఇతరులు తినబోయే దాని మీద మనసు పెట్టడం వాళ్ల పట్ల చూపే మర్యాదలో ఒక భాగమని నా నమ్మకం, మీరూ ఆ పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి గిన్నె దగ్గరే నిలబడండి.

బుడగలు బరువెక్కి, గింజ కొరికితే మెత్తగా ఉంటూనే నడుమ కొంచెం పట్టు తగులుతున్నప్పుడు పొయ్యి ఆపేయండి. గిన్నెలో అప్పటికి ఇంకా జారుగా కనిపించాలి, వడ్డించేలోపు అది తనంతట తానే చిక్కబడుతుంది. ఆపిన నిమిషం తరువాత చీజ్ వేసి కలపాలి. మరుగుతున్నప్పుడు వేస్తే చీజ్‌లోని మాంసకృత్తులు బిగుసుకుపోయి, తీగలు సాగి, ఉండలు కడుతుంది. నిమ్మకాయ పసుపు తొక్కను పైపైన తురిమి, సగం కాయ రసం పిండండి. తొక్క కింది తెల్లటి పొర చేదు కనుక అంతదాకా తురమవద్దు. నిమ్మరసం చివరనే ఎందుకంటే, మరుగుతున్న గిన్నెలో దాని సువాసన ఆవిరితో పాటు ఎగిరిపోతుంది, పులుపు ఒక్కటే మిగులుతుంది.

ఇదొక్కటి వచ్చిందంటే మిగతావి వాటంతట అవే వస్తాయి. రసంలో సగం తీసివేసి మెత్తగా ఉడికిన టమాటా గుజ్జు పోస్తే టమాటా ఓర్జో, పొయ్యి ఆపే ముందు గుప్పెడు పాలకూర వేస్తే అది వేడికే వాడిపోయి కలిసిపోతుంది. పుట్టగొడుగులు వేయాలనుకుంటే మాత్రం ముందుగా విడిగా వేయించి పెట్టుకోండి. వాటిలో పదింట తొమ్మిది వంతులు నీరే కనుక, ఆ నీరంతా పోయి అంచులు ఎర్రబడేదాకా ఓపిక పట్టాలి, లేకపోతే వేగవు, ఉడుకుతాయి. సూపులో వేసేటప్పుడు ఓర్జోను చివరి పది నిమిషాల్లో, అనుకున్నదానికన్నా తక్కువగా వేయండి. సూపు గిన్నెలో గింజలు తాగడం మానవు, మర్నాటికి నీరు కనబడదు.

మర్నాటి మాట వచ్చింది కనుక అదీ చెబుతాను. మిగిలిన ఓర్జోను రెండు గంటలలోపు మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున్నకు అది అచ్చు పోసినట్టు గట్టిపడి ఉంటుంది. దాన్ని చూసి పాడైందని పారేయవద్దు. చలికి ఆవరణలోని పిల్లలు, బడిలోనే ఉండిపోయినవాళ్లు కూడా దగ్గరికి చేరి, మళ్లీ వరుసలు కట్టి, ఒకరి చేతులు ఒకరు బిగించి పట్టుకున్నారంతే. రెండు మూడు చెంచాల వేడి నీరు చిలకరించి, సన్నని సెగ మీద కలుపుతూ పొగలు వచ్చేదాకా వేడి చేస్తే, గంట మళ్లీ మోగినట్టు లోపలివాళ్లలో చాలామంది చేతులు వదిలేస్తారు. నిన్నటంత నునుపు రాకపోయినా రుచి మాత్రం నిన్నటిదే ఉంటుంది.

ఇక మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. ఈసారి ఓర్జో వండేటప్పుడు రసం పోసిన మూడో నిమిషంలో ఒక గింజ, ఆరో నిమిషంలో ఒకటి, తొమ్మిదో నిమిషంలో ఒకటి చెంచాతో తీసి, పళ్లెంలో వరుసగా పెట్టి, చల్లారాక ఒక్కొక్కదాన్నీ చాకుతో పొడవునా రెండుగా చీల్చి చూడండి. నీరు ఇంకా చేరని చోట తెల్లటి గీత కనిపిస్తుంది. అది మూడు గింజల్లోనూ ఎంతెంత ఉందో, రెండు మొనల దగ్గర ముందు మాయమైందో, నడుమ ముందు మాయమైందో బొమ్మ గీసి, ఎందుకు అలా జరిగిందని మీకు తోచిందో కింద రాసి నాకు పంపండి. వేయించకుండా వండిన గింజలతో కూడా ఇలాగే చేసి, ఆ బొమ్మను దీని పక్కనే గీస్తే మరీ మంచిది.

ఇట్లు,
మీ తాతయ్య