పాత ఫోటోల్లో ఎవరూ నవ్వరెందుకు?

చిరంజీవులకు చిన్నతాతయ్య ఆశీస్సులు.

పాత ఫోటోల్లో అందరూ కోపంగా ఉంటారేం అని అడిగారు. కోపం కాదర్రా, కదిలితే బొమ్మ చెదిరిపోతుందని బిగబట్టుకుని కూర్చునేవాళ్లు. పైగా జన్మకో ఫోటో! పెళ్లిపీటల మీద కూర్చున్నంత గంభీరంగా ఉండేవాళ్లు.

1838లో ప్యారిస్‌లో డాగేర్ అనే ఆయన పైఅంతస్తు నుంచి ఓ వీధిని ఫోటో తీశాడు. వెండిపూత వేసిన రాగిరేకు మీద బొమ్మ పడడానికి నిమిషాలు పట్టింది. అంతసేపూ కింద బళ్లు, గుర్రాలు, జనం తిరుగుతూనే ఉన్నా ఏదీ రేకు మీద నిలవలేదు. వీధంతా ఖాళీ! ఓ మూల మాత్రం ఒకాయన కాలు ఎత్తిపెట్టి బూట్లు పాలిష్ చేయించుకుంటూ కనిపిస్తాడు. కదలకుండా నిలబడ్డాడు కాబట్టి మిగిలాడు. ఫోటోకెక్కిన మొదటి మనిషి ఆయనే అంటారు. ఎవరో, ఏమిటో ఎవరికీ తెలియదు.

తర్వాత గాజు పలకలొచ్చాయి, నిమిషాలు క్షణాలయ్యాయి. మన హైదరాబాదులో ఆ పనికి రాజా దీన్‌దయాళ్ పెట్టింది పేరు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారు ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం విడిగా ఓ స్టూడియో తెరిచి, అక్కడ ఫోటోలు తీయడానికి ఒక ఆంగ్లేయ మహిళను పెట్టాడు. పరదా చాటు మనిషికీ తన బొమ్మ చూసుకోవాలని ఉంటుందన్న ఆ ఆలోచనే, ఆయన దర్బారు ఫోటోలన్నిటికంటే నాకు గొప్పగా తోస్తుంది.

ఇప్పటి ఫోన్‌లో కదిలినా ఎవరూ మాయం కారు. అయినా మాయమయ్యేవాళ్లు ఉన్నారు. సంక్రాంతికి మీరు పంపిన వాటిలో ముగ్గులున్నాయి, గొబ్బెమ్మలున్నాయి, బావ కొత్త బండి నాలుగు వైపుల నుంచీ ఉంది. అరిసెలు వండిన మా వదిన, అదే మీ అమ్మమ్మ, ఒక్కదాంట్లోనూ లేదు. వంటింట్లో వెలుతురు చాలదని సాకులు చెప్పకండి. పెరటి తలుపు తీసి, ఆవిణ్ణి అటు తిరిగి కూర్చోమనండి. నవ్వమంటే బిగుసుకుపోతుంది. పాకం ఎప్పుడు దించాలో అడగండి, చేతులు తిప్పుతూ చెబుతుంటుంది కదా, అప్పుడు తీయండి.

అన్నట్టు, భోగిమంట పక్కన ఆ గళ్లచొక్కా అబ్బాయెవరు? పేరు రాసి పంపండి.

మీ
చిన్నతాతయ్య