పువ్వుల వెంట సరిహద్దు దాటే గబ్బిలాలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న దక్షిణ ఆరిజోనాలో గబ్బిలాలను లెక్కించడం నా పని. సెలవులకు ఊరికి వస్తే బంధువుల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అవి రక్తం తాగుతాయి కదా?"

అపోహ: గబ్బిలాలు రక్తం తాగుతాయి.

ఉన్న జాతులు 1,400కు పైనే. రక్తం తాగేవి మూడే, అవీ లాటిన్ అమెరికాలోనే. వాటి వల్ల పశువులకు రేబిస్ సోకుతుంది, రైతు కోపం అన్యాయమైనది కాదు. కానీ ఆ కోపంతో గుహకు నిప్పు పెడితే పువ్వుల తేనె తాగేవీ, పురుగులను తినేవీ కూడా మాడిపోతాయి. మెక్సికోలో జరిగింది ఇదే. పశువులకు టీకాలు వేయించడమే సరైన దారి.

అపోహ: ఎవరి దేశంలో వారు కాపాడుకుంటే చాలు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. నేను లెక్కించే చిన్న పొడవుముక్కు గబ్బిలం పాతిక గ్రాముల ప్రాణి. చూలుతో ఉన్న ఆడవి వసంతంలో మెక్సికో నుంచి పూత వెంబడి ఉత్తరానికి వస్తాయి. ఇక్కడ సావారో అనే చెట్టంత జెముడు రాత్రిపూట విచ్చుకుంటుంది. వలలో చిక్కినదాన్ని చేతిలోకి తీసుకుంటే తలంతా పసుపు పూసినట్టు పుప్పొడి, చేతి తొడుగుకూ అంటుకుంటుంది. ఏడాదికి ఒక్కటే పిల్ల. వేసవి చివర అగేవ్ పూత మీద బతుకుతాయి. మన గట్ల మీది కిత్తనార ఆ జాతిదే. జన్మలో ఒక్కసారి పూసి చనిపోతుంది. టెకీలా మద్యం కోసం దాన్ని పూయకముందే నరుకుతారు. దారిలో ఒక్కచోట పూత లేకపోయినా ఆకలే.

1988లో అమెరికా దీన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చినప్పుడు తెలిసిన సంఖ్య వెయ్యి లోపు. 1994లో రెండు దేశాల వారూ కలిసి వలస గబ్బిలాల కార్యక్రమం మొదలుపెట్టారు. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన రోడ్రిగో మెడెయిన్ బృందం గుహల పక్కనున్న ఊళ్ళకు, బడులకు వెళ్ళి గబ్బిలాల గురించి చెప్పింది. తర్వాతి కాలంలో కొందరు టెకీలా రైతులు నూటికి ఐదు మొక్కలను పూతకు వదలడం మొదలుపెట్టారు. 2018 నాటికి సంఖ్య సుమారు రెండు లక్షలు. కోలుకుని అమెరికా జాబితా నుంచి బయటపడిన మొదటి గబ్బిలం ఇదే.

అపోహ: జాబితా నుంచి తీసేశారు, ఇక పని లేదు.

దీని దగ్గరి చుట్టం, మెక్సికో పొడవుముక్కు గబ్బిలం, ఇంకా ప్రమాదంలోనే ఉంది. మధ్య మెక్సికోలో 'దయ్యం గుహ' అని పిలిచే చోట జతకట్టి, టెక్సస్‌లోని బిగ్ బెండ్ కొండ గుహ దాకా వస్తుంది. ఆ రెండు గుహల్లో ఏది చెడినా రెండోదాన్ని కాపాడి ఏం లాభం?

అపోహ: గబ్బిలానికి కళ్ళు కనబడవు.

కనబడతాయి.

అపోహ: ఇదంతా శాస్త్రవేత్తల పని.

టూసాన్ పట్టణంలో చిన్న పిట్టల కోసం పెరట్లో పంచదార నీళ్ళ సీసాలు వేలాడదీస్తారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సాయంత్రం నింపిన సీసా తెల్లవారేసరికి ఖాళీ. తాగినవి గబ్బిలాలే. ఇప్పుడు ఆ ఇళ్ళవాళ్ళు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి సీసాలో నీటి మట్టం రాసిపెడుతున్నారు. గబ్బిలాలు ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు దక్షిణానికి మళ్ళాయో ఆ కాగితాలే చెబుతాయి.